పని మారుతుంది, నేర్చుకునే నేర్పు నిలుస్తుంది

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో బిడ్డను తెలుగు బడిలో చేర్చే వేళ తల్లిదండ్రులు అడిగే ప్రశ్న తరచుగా ఒక్కటే: "తెలుగు చదివితే ఏ కంపెనీలో పని ఇస్తారు సార్?" ఈ మాట వినగానే మనలో చాలామంది ఉపాధ్యాయులు నొచ్చుకుంటారు. భాషాభిమానం అడుగంటిపోయిందని వాపోతారు. నిజానికి నొచ్చుకోవలసిన అవసరం లేదు. బిడ్డ తన కాళ్ల మీద తాను నిలబడాలని కోరే తల్లి అడగదగిన ప్రశ్నే అది. తేనెలొలికే భాష అనీ, 2008లో ప్రాచీన భాషా హోదా పొందిన భాష అనీ చెప్పే జవాబులు ఆమెకు చాలవు. హోదాను చూసి ఏ కర్మాగారమూ ఎవరికీ కొలువు ఇవ్వదు.

కాబట్టి ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పుకోవడం మన బాధ్యత. ఆ జవాబు వెదకాలంటే ముందుగా మన ఊళ్లలో పనులు ఎలా మారుతూ వచ్చాయో ఒకసారి చూడాలి.

నలభై అయిదేళ్లలో మన ఊరి పనులు

1970వ దశకంలో సిప్‌కాట్ పారిశ్రామిక వాడ ఏర్పడేదాకా హోసూరు రాగిచేలకూ, సంతలకూ, చల్లని గాలికీ పేరుపడిన చిన్న ఊరు. 1980లో అశోక్ లేలాండ్ లారీల కర్మాగారం ఇక్కడ మొదలయింది. అదే ఏడాది టీవీఎస్ 50 మోపెడ్ ఈ ఊరినుంచే రోడ్డెక్కింది. 1984లో టాటాలూ, తమిళనాడు ప్రభుత్వ సంస్థ అయిన టిడ్కో కలిసి నెలకొల్పిన టైటాన్ సంస్థ ఇక్కడే గడియారాల తయారీకి పూనుకుంది. 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి నుంచి విడివడి కృష్ణగిరి జిల్లా ఏర్పడింది. 2019లో హోసూరు నగరపాలక సంస్థ అయింది.

తరువాతి మార్పు ఇంకా వేగంగా వచ్చింది. 2020 జనవరిలో టీవీఎస్ సంస్థ ఐక్యూబ్ అనే విద్యుత్ స్కూటరును విడుదల చేసింది. 2021లో ఏథర్ సంస్థ తన స్కూటర్ల తయారీని బెంగళూరు నుంచి హోసూరుకు తరలించింది. అదే ఏడాది ఓలా సంస్థ పోచంపల్లి దగ్గర పెద్ద కర్మాగారం కట్టి, దానిని పూర్తిగా స్త్రీలే నడుపుతారని ప్రకటించింది. కెలమంగలం ప్రాంతంలో టాటా ఎలక్ట్రానిక్స్ వారి సెల్‌ఫోను భాగాల కర్మాగారం వచ్చింది. అక్కడ పనిచేసేవారిలో ఎక్కువమంది యువతులు. పొలాలలోనూ మార్పు ఇంతే. హోసూరు గులాబీలు పాలీహౌసులలో పెరిగి, చల్లని గదులలో నిలువ ఉండి, విమానమెక్కి విదేశాలకు పోతున్నాయి. కృష్ణగిరి మామిడి, గుజ్జు రూపంలో డబ్బాలకెక్కి సముద్రం దాటుతోంది.

ఇన్ని కర్మాగారాలు ఇంటి ముంగిటికి వచ్చినందుకు సంతోషించవలసిందే. కాని ఈ చరిత్రలో ఒక హెచ్చరిక కూడ ఉంది. 1961లో బెంగళూరులో మొదలైన హెచ్.ఎం.టి. గడియారాల కర్మాగారం ఒక తరం పాటు దేశానికి కాలం చెప్పింది. అక్కడ కొలువు దొరికితే జీవితానికి ఢోకా లేదని మన పెద్దలు అనుకునేవారు. 2016లో కేంద్ర ప్రభుత్వం ఆ గడియారాల సంస్థను మూసివేయడానికి నిర్ణయించింది. దానికి నలభై కిలోమీటర్ల దూరాన ఉన్న టైటాన్, కీ ఇచ్చే గడియారాలకు బదులు మొదటినుంచీ క్వార్ట్జ్ గడియారాలను నమ్ముకుని, ఆ తరువాత తనిష్క్ పేరుతో నగల తయారీకీ సాగింది. ఒకే వృత్తి, పక్కపక్క ఊళ్లు. ఒకచోట తలుపు మూతపడింది, మరొకచోట కొత్త తలుపు తెరుచుకుంది. పనివాడి చేతిలో నేర్పు ఉండడం ఒక్కటే చాలదనీ, ఆ నేర్పును మరో పనికి మళ్లించుకునే శక్తి కూడ ఉండాలనీ దీనివలన తెలుస్తున్నది.

రిపేరు షాపు చెప్పే పాఠం

పెద్ద కర్మాగారాల మాట అలా ఉంచుదాం. మన వీధి చివర ఉండే బండ్ల రిపేరు షాపును తీసుకుందాం. ఇరవై ఏళ్ల కిందట ఆ పని నేర్చుకున్నవారి విద్య అంతా చెవిలోనూ, వేళ్లలోనూ ఉండేది. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేవారు. కార్బొరేటరు విప్పి, కడిగి, స్క్రూ ఒక పావు తిప్పు తిప్పి బండిని దారికి తెచ్చేవారు. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 నిబంధనలు అమలులోకి రావడంతో కొత్త బండ్లలో కార్బొరేటరు స్థానంలో ఎలక్ట్రానిక్ ఇంధన పద్ధతి స్థిరపడింది. విద్యుత్ స్కూటరులోనైతే కార్బొరేటరు లేదు, స్పార్క్ ప్లగ్గు లేదు, ఇంజను నూనె లేదు. ఉన్నవి బ్యాటరీ, మోటారు, కంట్రోలరు, వాటన్నిటినీ నడిపే సాఫ్ట్‌వేరు. జబ్బు చప్పుడుగా వినిపించదు, తెర మీద ఒక సంకేతసంఖ్యగా కనిపిస్తుంది. ఆ సంఖ్య అర్థమేమిటో పుస్తకంలో చదివి, ఏ తీగలో ఎంత వోల్టేజి ఉండాలో చూసి, కొలిచి, సరిపోల్చి నిర్ణయించాలి.

అంటే పాత మెకానికు నేర్పు వ్యర్థమైపోయిందా? కాలేదు. బోల్టు ఎంత బిగించాలో, ఎక్కడ ఆపాలో తెలిసిన చేతికి విలువ తగ్గలేదు. లక్షణాన్ని బట్టి కారణాన్ని ఊహించే బుద్ధికీ విలువ తగ్గలేదు. కాని ఆ చేతికి చదువు తోడుకావలసి వచ్చింది. చదివి అర్థం చేసుకోవడం, కొలవడం, కారణం వెదకడం, తెలియనిది అడగడం, చేసిన పనిని ఇంకొకరికి వివరించడం అనే అయిదు నేర్పులు ఉన్నవాడు కార్బొరేటరు నుంచి బ్యాటరీకి మారగలడు. లేనివాడు మంచి పనివాడయినా వెనుకబడిపోతాడు.

ప్రపంచ ఆర్థిక వేదిక 2025 జనవరిలో వెలువరించిన నివేదిక ఈ సంగతినే అంకెలలో చెప్పింది. 2030 నాటికి ప్రపంచవ్యాప్తంగా 17 కోట్ల కొత్త కొలువులు పుడతాయనీ, 9.2 కోట్ల కొలువులు పోతాయనీ, పనివారికి కావలసిన ముఖ్య నైపుణ్యాలలో 39 శాతం మారిపోతాయనీ దాని అంచనా. యజమానులు అన్నిటికంటె ముందు కోరే నైపుణ్యం విశ్లేషించి ఆలోచించడం అని అందులో ఉంది. అంచనాలు తప్పవచ్చు, కాని దిశ మాత్రం మన వీధి రిపేరు షాపులో కనిపిస్తున్నదే.

నైపుణ్యం పేరిట వచ్చే ప్రమాదం

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. "పని నేర్పండి, చదువు తగ్గించండి" అనే మాట వినడానికి ఇంపుగా ఉంటుంది. ఈ మాటకు మన జిల్లాతో సంబంధమున్న చరిత్ర ఉంది. హోసూరు దగ్గరి తొరపల్లిలో పుట్టి, హోసూరు బడిలో చదివిన చక్రవర్తి రాజగోపాలాచారి మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా 1953లో ఒక కొత్త ప్రాథమిక విద్యాపథకం తెచ్చారు. గ్రామాలలోని పిల్లలు రోజుకు మూడు గంటలు బడిలో చదివి, మిగిలిన వేళ ఇంటి వృత్తి నేర్చుకోవాలన్నది దాని సారాంశం. బడులు చాలని కాలంలో రెండు పూటలుగా ఎక్కువమందిని చేర్చుకోవచ్చుననే ఆలోచన కూడ దాని వెనుక ఉంది. కాని చాకలి బిడ్డ చాకిరేవుకూ, కుమ్మరి బిడ్డ సారెకూ పోవలసిందేనా అని జనం నిలదీశారు. అది కులవిద్య అనే పేరు తెచ్చుకుంది. 1954లో కామరాజు ముఖ్యమంత్రి అయిన తరువాత రద్దయింది.

ఆ పథకం వెనుక ఉన్న ఉద్దేశ్యం గురించి పండితులు వాదించుకోవచ్చు. మన వంటి బడిపంతుళ్లకు అందులోని పాఠం వేరు. చేతిపనిని గౌరవించడం మంచిదే. కాని ఆ గౌరవం పేరిట పేదబిడ్డల చదువును సగం చేయడం అన్యాయం. ఈనాడు ఆ ప్రమాదం కొత్త వేషంలో వస్తున్నది. పన్నెండవ తరగతి కాగానే, లేదా అంతకంటె ముందే, కాంట్రాక్టు పనికి పోయి అసెంబ్లీ లైనులో ఒకే కదలికను రోజంతా చేసే కొలువును మనం 'నైపుణ్యం' అని పిలుస్తున్నాం. ఒక స్క్రూ బిగించి పక్కకు జరపడం మూడు రోజులలో వచ్చే పని. యంత్రం సులభంగా లాక్కునే పని కూడ అదే. ఆ జీతంతో ఇల్లు నడుస్తుంది, నిజమే. ఆ జీతాన్ని నేను తక్కువ చేయడం లేదు. కాని ఆ బిడ్డ అయిదేళ్ల తరువాత ఎక్కడ ఉంటుందో ఆలోచించని చదువును మంచి చదువు అనలేము.

తెలుగుకు ఇందులో చోటెక్కడ?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. పైన చెప్పిన అయిదు నేర్పులను బిడ్డ ఏ భాషలో మొదట సంపాదిస్తుంది? ఇంటిలో ఏ భాషలో "ఎందుకు?" అని అడగడం నేర్చుకుందో ఆ భాషలోనే. 1953లోనే యునెస్కో నిపుణులు చదువు చెప్పడానికి మాతృభాషే ఉత్తమ సాధనమని తేల్చారు. 1956లో రాజ్యాంగానికి చేర్చిన 350-ఎ అధికరణం, భాషాపరమైన అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సదుపాయం కల్పించాలని రాష్ట్రాలకు చెప్పింది.

ఒక చిన్న ఉదాహరణ చూడండి. రెండు వస్తువులు ఒకదానినొకటి ఒరుసుకుంటే వేడి పుడుతుందని మన బిడ్డకు ఇంటిలోనే తెలుసు. ఒరిపిడి అనే మాట ఆమె చెవిలో ఉంది. దానిని పట్టుకొని పాఠం చెబితే తమిళంలో 'ఉరాయ్‌వు' అనే మాట చుట్టం వలె వచ్చి పక్కన కూర్చుంటుంది. ఆ తరువాత ఇంగ్లీషులో 'ఫ్రిక్షన్' అన్నా ఆమె బెదరదు. బేరింగుకు గ్రీసు ఎందుకు పెడతారో తానే చెబుతుంది. అదే బిడ్డకు మొదటినుంచీ 'ఫ్రిక్షన్' అనే మాటను కంఠస్థం చేయిస్తే పరీక్షలో మార్కు వస్తుంది, బేరింగు సంగతి మాత్రం తెలియదు.

తమిళం మీద మనకు ఏ వైరమూ లేదు, ఉండకూడదు కూడ. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం 2006-07లో ఒకటవ తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున పైకి వచ్చి, 2015-16లో పదవ తరగతిని చేరింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు పరీక్షలో మినహాయింపు కోసం న్యాయస్థానాలకు వెళ్లవలసి రావడం, 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును మరో ఏడాది పొడిగించడం మనకు తెలిసినవే. ఆ న్యాయపోరాటం దారి దానిది. కాని ఈ నేల మీద బతికే బిడ్డకు తమిళం బాగా రావాలి. ఇంగ్లీషూ రావాలి. తెలుగు ఒక్కటే చదివితే కొలువు వస్తుందని చెప్పడం తల్లిదండ్రులను మోసగించడమే అవుతుంది. నేను చెప్పేది ఇంతే: తెలుగులో బలంగా ఆలోచించడం నేర్చిన బిడ్డకు ఆ రెండు భాషలూ సులువుగా వస్తాయి. తెలుగును తీసివేస్తే మిగిలే ఖాళీని ఆ రెండూ వెంటనే పూడ్చలేవు.

పైగా మన ప్రాంతానికి ఒక వరం ఉంది. ఇంట తెలుగు, వీధిలో తమిళం, సంతలో కన్నడం, పొరుగింట ఉర్దూ వింటూ పెరిగే పిల్లలు మనవారు. ఇప్పుడు కర్మాగారాలలో బిహారు, ఒడిశా, జార్ఖండు నుంచి వచ్చినవారూ ఉన్నారు. పది మంది పది భాషలవారు కలిసి పనిచేసే చోట ఒకరి మాట మరొకరికి చేరవేయగలవారే రేపటి సూపర్‌వైజర్లు. ఈ బహుభాషా సంపదను బడి ఒక లోపంగా చూస్తున్నంత కాలం మన పిల్లలు తమ బలాన్ని దాచుకుంటూనే ఉంటారు.

తెలుగు తరగతి మారాలి

అయితే తల్లిదండ్రులకు నీతి చెప్పే ముందు మన తరగతిని మనం చూసుకోవాలి. పద్యం అప్పజెప్పించడం, అర్థాలు రాయించడం, గైడులోని జవాబును బల్ల మీదకెక్కించడం, ఇంతటితో తెలుగు తరగతి ముగిసిపోతే పైన చెప్పిన నేర్పులలో ఒక్కటీ రాదు. పద్యాన్ని వదలమని నేను అనడం లేదు. పద్యం జ్ఞాపకశక్తికీ, భాష నడకకూ ప్రాణం. వారానికి రెండు పీరియడ్లయినా కింది పనులకు కేటాయించమని మాత్రం తోటి ఉపాధ్యాయులను వేడుకుంటున్నాను.

మొదటిది, పనిని వరుసగా చెప్పించడం. పంక్చరు ఎలా వేస్తారో రాయమనండి. ట్యూబు బయటికి తీయడం, గాలి కొట్టడం, నీళ్లలో ముంచి బుడగలు చూడడం, చిల్లు చుట్టూ గరుకుగా రుద్దడం, సొల్యూషన్ పూయడం, కాస్త ఆరనివ్వడం, అతుకు వేసి అదమడం. ఏ మెట్టు తప్పినా పని చెడుతుంది. "ఆరేదాకా ఎందుకు ఆగాలి?" అని అడగండి. జవాబు తెలియని బిడ్డ షాపుకు వెళ్లి అడిగి వస్తుంది. సైకిలు షాపు అన్న ఆనాడు మన బడికి ఉపాధ్యాయుడవుతాడు.

రెండవది, చదివి చేయడం. కరెంటు బిల్లు, ఎరువు సంచి మీది సూచనలు, మందుల పెట్టెలోని చీటీ, స్కూటరుతో వచ్చే చిన్న పుస్తకం, ఇవి తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. వాటిని చదివి ఇంటిలో అవ్వకు అర్థమయ్యేలా తెలుగులో రాయమనండి. మూడు భాషలూ ఒకే పనిలో పదునెక్కుతాయి.

మూడవది, లోపాన్ని నివేదించడం. ఏమి జరిగింది, ఎక్కడ, ఎప్పుడు, ఎన్నిసార్లు, నీవు ఏమి చూశావు, ఏమి ఊహిస్తున్నావు అని విడదీసి రాయించాలి. చూసినదానికీ ఊహించినదానికీ తేడా తెలియడం కర్మాగారంలో ప్రాణాలు కాపాడుతుంది. బడిలో కొళాయి కారడం గురించి రాయించినా చాలు.

నాలుగవది, అడగడం. తెలియదని ఒప్పుకొని మర్యాదగా, సూటిగా ప్రశ్న వేయగలగడం ఒక విద్య. మన తరగతులలో ప్రశ్న వేసిన బిడ్డను ఎదురు మాట్లాడినట్లు చూస్తే, ఆ బిడ్డ రేపు యంత్రం ముందు కూడ తెలియకున్నా తెలిసినట్లు నటిస్తుంది.

అయిదవది, యంత్రం చెప్పిన మాటను పరీక్షించడం. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి పిల్లలు వ్యాసాలను యంత్రం చేతనే రాయిస్తున్నారు. కోప్పడి లాభం లేదు. రాగి సంగటి చేసే విధానాన్ని యంత్రాన్ని అడగమనండి, ఇంటిలో అవ్వనూ అడగమనండి. రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి, నీళ్ల కొలతలో, పిండి పోసే వేళలో, మాటల ఎంపికలో ఎక్కడ తేడా ఉందో, ఏది సరియో రుజువుతో చెప్పమనండి. యంత్రం రాసినదానిలో తప్పు పట్టగలిగిన బిడ్డ యంత్రానికి యజమాని అవుతుంది.

ఇవేవీ కొత్త భవనాలో, నిధులో కోరేవి కావు. తమిళనాడు ప్రభుత్వం 2022 మార్చి 1న 'నాన్ ముదల్వన్' అనే నైపుణ్య పథకాన్ని ప్రారంభించింది. టాటా టెక్నాలజీస్ సహకారంతో 71 ప్రభుత్వ ఐ.టి.ఐ.లను కొత్త యంత్రాలతో తీర్చిదిద్దింది. ఆ వాకిలి దాకా బిడ్డను సిద్ధం చేసి పంపడం మన పని. చదివినది అర్థం కాని బిడ్డకు ఎంత ఖరీదైన యంత్రమైనా బొమ్మే.

తల్లిదండ్రులకు ఒక మనవి

బిడ్డను పనికి పంపేముందు జీతమెంత అని అడగడం సహజం. దానితోపాటు మరో నాలుగు ప్రశ్నలు అడగండి. అక్కడ ఏడాదిలో ఏమి నేర్పుతారు? నేర్చినదానికి ధ్రువపత్రం ఇస్తారా? ఒక విభాగం నుంచి మరో విభాగానికి మారే అవకాశం ఉందా? పనిచేస్తూ డిప్లొమా చదువుకోవచ్చా? 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద తీసుకునే శిక్షణకూ, కాంట్రాక్టు మనిషి ద్వారా దొరికే కూలికీ ఉన్న తేడా తెలుసుకోండి.

ఆడబిడ్డల విషయంలో ఈ మాట మరింత ముఖ్యం. పెండ్లి దాకా నాలుగేళ్లు పోయి వస్తుందిలే అనే భావనతో పంపితే, ఆ నాలుగేళ్ల తరువాత ఆమె చేతిలో జీతం ఆగిపోతుంది, విద్య మిగలదు. బస్సు కంపెనీ పంపుతుంది, హాస్టలు ఉంటుంది, అంతా బాగానే ఉంటుంది. లైను మీద నిలబడినది లైనును నడిపే స్థాయికి ఎదగాలనే కోరిక మాత్రం ఇంటినుంచే వెళ్లాలి.

ఇంకొక మాట. సాయంత్రం బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు "ఎన్ని మార్కులు?" అని అడిగే ముందు "ఈ రోజు ఏమి నేర్చుకున్నావు, నాకు చెప్పు" అని తెలుగులో అడగండి. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగిందంటే ఆ విద్య దానికి వచ్చినట్లే. ఈ పరీక్ష పెట్టడానికి మీరు చదువుకొని ఉండనక్కరలేదు.

"తెలుగు చదివితే ఏ కంపెనీలో పని ఇస్తారు?" అని అడిగే తల్లికి ఇకమీదట మనం ఇలా చెప్పగలగాలి: "అమ్మా, తెలుగు చదివినందుకు ఏ కంపెనీ పని ఇవ్వదు. కాని మా తెలుగు తరగతిలో నీ బిడ్డ చదివి అర్థం చేసుకోవడం, కొలిచి చూడడం, కారణం వెదకడం, ధైర్యంగా అడగడం, నలుగురికీ వివరించడం నేర్చుకుంటుంది. ఒక కంపెనీ మూతపడినా మరో పనికి మారడానికి ఆ బిడ్డకు కావలసినవి ఇవే." ఈ మాట చెప్పే అర్హత మన తరగతికి ఉందా లేదా అన్నది మనమే తేల్చుకోవాలి. వచ్చే సోమవారం నాటి పీరియడులో పైన చెప్పిన పనులలో ఒక్కటి మొదలుపెట్టినా, ఆ అర్హత సంపాదించే దారిలో అడుగుపెట్టినట్లే.